ఇంట్లో పెద్దవాళ్లకు రోజూ 5 రకాల మందులా? యాప్‌లో రీఆర్డర్ కొట్టే ముందు ఇది చూడండి

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ ఫ్లాట్లలో ఐటీ ఉద్యోగుల దగ్గర ఉంటున్న తల్లిదండ్రులు ఎందరో. బీపీకి ఊళ్లో డాక్టర్ రాసిన మందు, మోకాళ్ల నొప్పికి ఇక్కడ రాసింది, నిద్రకు ఇంకొకటి. ఒకరు రాసింది మరొకరికి తెలియకపోతేనే ముప్పు.

వయసు పెరిగేకొద్దీ కిడ్నీల పనితీరు తగ్గుతుంది. కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాయి. అందుకే వృద్ధులకు రిస్క్ ఉన్న మందులతో 1991లో అమెరికా డాక్టర్ మార్క్ బీర్స్ బృందం ఓ లిస్ట్ తయారు చేసింది. 'బీర్స్ లిస్ట్'గా పేరున్న దీన్ని 2023లోనూ అప్‌డేట్ చేశారు. 65 ఏళ్లు దాటినవారికి అందులో చెప్పిన జాగ్రత్తల్లో కొన్ని:

* అల్ప్రాజోలం, డయాజిపామ్: తూలి పడి ఎముకలు విరగొచ్చు.
* క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న జలుబు మాత్రలు: తికమక, మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం.
* గ్లిబెన్‌క్లమైడ్: షుగర్ బాగా పడిపోవచ్చు.
* డైక్లోఫెనాక్ ఎక్కువ రోజులు వాడితే: కడుపులో రక్తస్రావం, కిడ్నీలకు దెబ్బ.

ఏం చేయాలి? ఆయుర్వేదం సహా వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి ఒకే డాక్టర్‌కు చూపించండి. "వీటిలో ఏవి ఇంకా అవసరం? ఏవి ఆపొచ్చు?" అని అడగండి. సొంతంగా మాత్రం ఆపొద్దు. నిద్రమాత్రలు కొన్ని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు.