కళ్ళు తిరిగి పడిపోతే మూర్ఛేనా?

ఆరాధనలో చాలాసేపు నిలబడ్డ అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోతే, వెంటనే చేతిలో తాళంచెవులు పెడతాం, మూర్ఛ అని పేరు కూడా పెట్టేస్తాం. ఆ మాట ఆమెను పెళ్ళి దాకా వెంటాడుతుంది.

చాలాసార్లు అది మూర్ఛ కాదు. రక్తపోటు, గుండె వేగం ఒక్కసారిగా తగ్గి, మెదడుకు రక్తం చాలక స్పృహ తప్పుతుంది. అప్పుడు కూడా కాళ్ళూ చేతులూ కొన్ని క్షణాలు కొట్టుకోవచ్చు. పొరపాటు అక్కడే జరుగుతుంది. లేని జబ్బుకు ఏళ్ళ తరబడి ఫిట్స్ మాత్రలు మింగినవారున్నారు.

ముందుగా మేము పడుకోబెట్టి, నిలబెట్టి బి.పి. చూస్తాం, ఇ.సి.జి. తీస్తాం. వాటితో తేలకపోతేనే టిల్ట్ పరీక్ష. ఈ పనికి ఇది పనికొస్తుందని 1986లో లండన్ వైద్యులు చూపించారు. దీనికి కొన్ని గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. బల్లపై పడుకోబెట్టి, పట్టీలు బిగించి, తలవైపు పైకి వచ్చేలా బల్లను 60 నుండి 70 డిగ్రీలు లేపుతారు. 20 నుండి 45 నిమిషాలు బి.పి., గుండె వేగం గమనిస్తారు. అవసరమైతే నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇస్తారు. స్పృహ తప్పితే కంగారు పడకండి, బల్ల దించగానే తెలివి వస్తుంది. అసలు వైద్యులు ఎదురుచూసేది దానికోసమే!

వేసుకుంటున్న ఫిట్స్ మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పాత చీటీలన్నీ తెండి. పడిపోవడం కళ్ళారా చూసినవారిని కూడా వెంటబెట్టుకు రండి.