గురువు లేని గిటారు

కిందటేడు మా అబ్బాయి ఉద్యోగానికని బెంగుళూరు వెళుతూ తన గిటారును కర్నూలులో మా ఇంటి గోడకే వదిలి వెళ్ళాడు. దాన్ని చూసి చూసి, యాభయ్యో యేట నాకు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. మా పేటలో నేర్పేవారు లేరు. "ఈ వయసులో ఇదేం సరదా?" అన్నది మా ఆవిడ. సరదా కాస్తా పట్టుదల అయింది.

మొదటి పని శ్రుతి చేయడం. గిటారుకు ఆరు తీగలు. లావు తీగనుంచి సన్న తీగదాకా వాటి పేర్లు వరుసగా ఈ, ఏ, డి, జి, బి, ఈ. ఇప్పుడు శ్రుతి సరిచూడడానికి సెల్‌ఫోను ఉన్నది. అది లేకపోయినా, లావు తీగ ఒక్కటి సరిగా ఉంటే చాలు. దాన్ని అయిదో మెట్టు దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరమే పక్క తీగ విడిగా పలకవలసిన స్వరం. తక్కిన వాటికీ ఇదే లెక్క. జి తీగను మాత్రం నాలుగో మెట్టు దగ్గర నొక్కి, దానితో బి తీగను కలపాలి.

రెండో ఘట్టం వేళ్ళ మంట. మెట్టు నెత్తిన కాక, దానికి ఆనుకుని బిరడాల వైపున నొక్కితే తక్కువ బలంతోనే స్వరం స్పష్టంగా పలుకుతుంది. గంటలకొద్దీ కూర్చోవద్దు, రోజూ పావుగంట చాలు. సేద్యగాడి అరచేతికి కాయ కాచినట్లు, కొన్ని వారాలకు వేలికొసలూ గట్టిపడతాయి.

పాశ్చాత్యులు కొన్ని స్వరాలను కలిపి పలికించడాన్ని కార్డు అంటారు. ఏ, డి తీగలను రెండో మెట్టు దగ్గర రెండు వేళ్ళతో నొక్కి, ఆరు తీగలనూ ఒక్కసారిగా మీటితే 'ఈ మైనరు' అనే కార్డు వస్తుంది. బొమ్మలు చూసి ఇలాంటివి నెలలో అరడజను పట్టాను. కాని పాట రాదే! విసుగెత్తి, గిటారును మళ్ళీ గోడకెక్కిద్దామనుకున్నాను.

ఆ రోజుల్లోనే కడప జిల్లా మైదుకూరు వైపునుంచి ఒక పెద్దాయన పక్కింట్లో కొడుకు దగ్గరకు వచ్చాడు. చిన్నప్పటినుంచీ తంబుర మీటుతూ బ్రహ్మంగారి తత్వాలు పాడిన మనిషి.

"ఏమప్పా, దినామూ గీకుతాండావు. ఒక పాటన్నా వాయించు, ఇందాం" అన్నాడు.

"ఇంకా రాలేదు పెద్దాయనా."

"నోటికి రాని పాట చేతికెట్లొస్తాది నాయనా? ముందు పాడు. ఆమీద తీగ మీద ఎతుక్కో."

నా పొరపాటు అప్పుడు తెలిసింది. కార్డులు పాటకు తోడు నడిచేవి. పాటే లేకపోతే దేనికి తోడు?

మర్నాటినుంచి ఒక్క డి తీగే పట్టుకున్నాను. విడి తీగ షడ్జమం అనుకోండి. 1, 4, 5, 7, 8, 11, 12 మెట్లు వరుసగా నొక్కితే మాయామాళవగౌళ. మన సరళీ వరసల రాగమే! 2, 4, 5, 7, 9, 11, 12 మెట్లయితే శంకరాభరణం. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ సగంలో ఉంటుంది. అందుకే అక్కడ పై షడ్జమం పలుకుతుంది. ముందు నోట పాడడం, తరువాత వేలితో వెతకడం. పెద్దాయన కూనిరాగం తీసిన ఒక తత్వం పల్లవి పది రోజులకు దొరికింది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో తండ్రిగారి మాండలిన్ చేతబట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం వాయించడం రాదు. ఆయన పాడేవారు, బాలుడు విని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ జరిగింది. 2014లో కన్నుమూసేలోగా ఆయన ఖ్యాతి ప్రపంచమంతా పాకింది. అంతటి ప్రతిభ మనకు లేకపోవచ్చు. ఆ దారి మాత్రం అందరికీ ఉన్నది.

మా సీమవాసులకు ఒక హెచ్చరిక. ఎండాకాలంలో గిటారును గోడకు వ్రేలాడదీయకండి. గాలిలో తేమ పోతే చెక్క ఎండి కుంచించుకుపోతుంది, బీటలూ వారుతుంది. మెట్ల కొసలు పొడుచుకువచ్చి చేతికి గీసుకుంటాయి. చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో, నీరు బాగా పిండేసిన స్పాంజి ఉంచి, గిటారుతోపాటు దాని పెట్టెలో పెట్టి మూయండి. తడి చెక్కకు తగలకూడదు సుమా!

ఉగాదికి అబ్బాయి వచ్చాడు. పల్లవి విని, "ఎవరు నేర్పారు నాన్నా?" అన్నాడు.

"పక్కింటి తాత."

"ఆయనకు గిటారు వచ్చునా?"

"రాదు" అన్నాను.