అరవై దాటాక నేర్చుకున్న అతుకు పని

ముప్పై ఏళ్లు మిల్లులో రింగ్ ఫ్రేముల మధ్య తిరిగినాను. తెగిన పోగును వేళ్లతో పట్టి అతకడం నా పని. మిల్లు మూతపడినాక ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి కొడుకు దగ్గరికి ఎలక్ట్రానిక్ సిటీ వచ్చి చేరినాను. కొడుకు కంపెనీ బస్సు డ్రైవరు, కోడలు గార్మెంట్స్‌లో కుడుతుంది. నాకొచ్చే పీఎఫ్ పింఛను వెయ్యి చిల్లర. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఊరికే కూర్చొని తినాలంటే ముద్ద దిగేది కాదు.

బయటివాళ్లకు ఎలక్ట్రానిక్ సిటీ అంటే అద్దాల మేడలే. 1978లో కియోనిక్స్ వాళ్లు కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు ఊర్ల దగ్గర 332 ఎకరాల్లో దీన్ని మొదలుపెట్టినారు. ఆ మేడల వెనక సందుల్లో రేకుల షెడ్లూ ఉన్నాయి. అట్లాంటి ఒక టింకరింగ్ షెడ్డులో హెల్పరుగా చేరినాను. అప్పటికి నాకు అరవై రెండేళ్లు. మేస్త్రి నా కొడుకు ఈడువాడు.

ఆ షెడ్డుకు పాత కార్లు వస్తాయి. కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు కొందరు, నాయన నడిపిన బండి, తాత కొన్న బండి అని ప్రేమగా తెచ్చుకుంటారు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఫియట్ 1100 డిలైట్‌గా 1964లో మొదలైన బండికే తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరొచ్చింది. అదీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. వీటి బాడీ ముక్కలు అంగట్లో సులభంగా దొరకవు. తుప్పు తిన్నంత మేర కోసేసి, కొత్త రేకు వంచి, అతికించాల్సిందే.

నాకు పని చూపించిన మొదటి రోజే మేస్త్రి చెప్పినాడు, "పెద్దాయనా, గేట్లకు వేసే రాడ్ వెల్డింగ్ దీనికి పనికిరాదు. కారు రేకు ఒక మిల్లీమీటరు కన్నా పలచన. ఆ వేడికి చిల్లు పడుతుంది." మా షెడ్డులో ఉండేది మిగ్ మిషను. గన్ను నొక్కితే 0.8 మిల్లీమీటర్ల తీగ దానంతటదే వస్తుంది. గాలి తగలకుండా చుట్టూ గ్యాసు కమ్ముకుంటుంది. నేను చెమటకు ఓర్వలేక ఫ్యాను పెట్టుకున్నాను. గ్యాసంతా ఎగిరిపోయి, అతుకు తేనెపట్టు మాదిరి బొక్కలు పడింది.

మూడు నెలలు గుజరీ రేకుల మీదే నేర్చుకున్నాను. ముందు రంగు, తుప్పు మెరిసేదాకా గీకాలి. తర్వాత ఒకే గీతగా లాగకూడదు. ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకొక చుక్క, మళ్లీ వెనక్కొచ్చి మధ్యలో ఒకటి. వేడి ఒకచోట చేరితే రేకు అప్పడం మాదిరి వంకర తిరుగుతుంది. అతుకు సరిగ్గా పడుతుంటే పోపు చిటపటలాడినట్టు ఒకే తీరు శబ్దం వస్తుంది. అయినాక ముక్కను వైసులో బిగించి వంచి చూస్తాడు మేస్త్రి. ఎన్నిసార్లు ఊడినాయో లెక్క లేదు. మిల్లులో పోగు అతికేటప్పుడు కూడా తొందరపడితే మళ్లీ తెగేది. ఆ ఓపిక ఇక్కడ అక్కరకొచ్చింది.

ఒక తప్పు మాత్రం దాచను. పద్మిని అడుగు రేకుకు అతుకు వేస్తున్నాను. సీటు కింద పాత గోనె, జూట్ పరుపు ఉన్నాయి. తీయడానికి బద్ధకించినాను. నిప్పురవ్వ అవతలికి దూకి పొగ లేచింది. ముసుగు వేసుకున్న నాకు కనబడలేదు. పక్కనున్న పిల్లోడు అరిచి బకెట్ నీళ్లు కుమ్మరించినాడు. దూది ధూళి మధ్య ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి, నిప్పురవ్వ ఏం చేస్తుందో నాకు తెలియకనా! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు లోపలి గుడ్డ, పరుపు అన్నీ తీసేస్తాను. బ్యాటరీ తీగలు విప్పుతాను. పెట్రోలు ట్యాంకు దగ్గర పనుంటే ముందు ట్యాంకు దించాల్సిందే. ఖాళీ ట్యాంకు అని నమ్మొద్దు, లోపల ఆవిరి ఉంటుంది, అదే పేలుతుంది. పని అయినాక కూడా అరగంట బండి దగ్గరే కూర్చుంటాను.

కళ్ల సంగతి. ముసుగు లేకుండా ఆ వెలుగు చూస్తే అప్పుడేమీ తెలియదు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. పక్కన నిలబడి చూసేవాళ్లకూ అంతే. పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు.

అదే పద్మినికి తలుపుల కింద సిల్ తుప్పు పట్టి ఉంది. "లోపలంతా ఎందుకు, పైన రేకు తొడిగి లప్పం పెట్టేయండి" అన్నాడు బండి సారు. షెడ్డు బాడుగ కట్టాల్సిన వారం. మేస్త్రి సరేనన్నాడు. పద్మినికి లారీకున్నట్టు అడుగున వేరే చట్రం ఉండదు, రేకు బాడీయే దాని బలం. సిల్ చివికితే బండి నడుము ఇరిగినట్టే. "నేను వేయను మేస్త్రీ" అన్నాను. "బేరం పోతే నీ కూలి ఎవరిస్తారు?" అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు ఆ సారు వాళ్ల నాయనను పిలుచుకొచ్చినాడు. ముసలాయన. ఆ బండి కొన్నది ఆయనే. మేస్త్రి ఏమనుకున్నాడో ఏమో, తానే స్క్రూడ్రైవరు ఆయన చేతికిచ్చి సిల్ మీద పొడవమన్నాడు. పిడి దాకా దిగబడింది. ముసలాయన కొడుకు వైపు చూసి, "నా మనవరాలు ఎక్కే బండిరా ఇది" అన్నాడు. అంతే.

ఆ రెండు సిల్లులు నేనే అతికినాను. పదహారు రోజులు పట్టింది. రంగు వేసినాక అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు.

మన ఇళ్లల్లో చదువు ఆగిపోయిన మగపిల్లలు, ఆడపిల్లలు ఉంటే ఒక మాట. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఒక్క సంవత్సరమే, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. నేను అయిదుతో ఆపేసినాను కాబట్టి షెడ్డులో నేర్చుకున్నాను. నా మనవడు ఈ ఏడు ఎనిమిదిలో ఉన్నాడు. ఆదివారం షెడ్డుకొచ్చి దూరంగా నిలబడి చూస్తుంటాడు. వాడి కొలతకు ఒక ముసుగు కొనిపెట్టినాను.