రెక్కకు వేసిన మాటు

రేణిగుంట విమానాశ్రయంలో దిగి తిరుమలకు పోయే యాత్రికులు కిటికీలోంచి ఏడుకొండలను చూచి చేతులు జోడిస్తారు. అదే కిటికీలోంచి విమానపు రెక్కను తేరిపార చూచేవారు కొద్దిమంది. అట్లా చూచినవారికి ఒక్కొక్కప్పుడు ఆ నున్నని రేకుమీద, చుట్టూ రివెట్లు కొట్టిన అతుకు ఒకటి కనబడుతుంది. ‘బిందెకు వేసినట్లు విమానానికి మాటు వేశారే!’ అని గుండె జల్లుమంటుంది. భయం అక్కరలేదు, కాని ఆ మాటును గూర్చి తెలిసికొనదగినది చాలా ఉన్నది.

విమానపు రెక్క లోపల బోలు. నిడుపున దూలాలు, అడ్డంగా పక్కటెముకలవంటి పట్టీలు, వాటిపైన అల్యూమినియం మిశ్రలోహపు రేకు. ఈ రేకు ఒట్టి కప్పు కాదు. బరువులో అదికూడా పాలు పంచుకొంటుంది. పెద్ద విమానాలలో ఇంధనం నింపేది ఆ బోలులోనే. లోపల పరీక్షించడానికి దారి కావలె గదా! అందుకే రెక్క అడుగున కోడిగ్రుడ్డు ఆకారంలో ద్వారాలు కోసి మూతలు బిగిస్తారు.

గ్రుడ్డు ఆకారమే ఎందుకు? మూల ఉన్నచోట లాగుడంతా ఒకేచోట చేరి పగులు పుడుతుంది. 1954లో రెండు కామెట్ విమానాలు ఆకాశంలోనే విచ్చిపోయినవి. రేకులో కిటికీలవలె కోసిన కోతల మూలలవద్ద పుట్టిన పగులే కారణమని పరిశోధకులు తేల్చారు. మాటు రేకుకు మూలలు గుండ్రంగా ఉంచడం కూడ ఇందుకే. దెబ్బతిన్న భాగాన్ని కోసివేసి, అంతకంటె పెద్ద రేకు పరచి, వరుసలుగా రివెట్లు కొడతారు. పాతరేకు మోసిన బరువును కొత్తరేకు ఆ రివెట్లద్వారా అందుకోవలె.

అందులో లోపం ఉంటే ఏమవుతుందో 1985 ఆగస్టు నెల చూపింది. అంతకు ఏడేండ్ల ముందు, 1978లో, జపానులోని ఒసాకావద్ద దిగుతూ ఒక విమానం తోకను నేలకు రాచుకొన్నది. తోకవైపున లోపలి గాలి ఒత్తిడిని ఆపే గోడకు మరమ్మతు చేశారు. అతుకులో కొంతమేర రెండు వరుసల రివెట్లు మోయవలసిన బరువు ఒక్క వరుసమీద పడింది. 12 వేలకు పైగా ప్రయాణాలు ఆ అతుకు ఓర్చుకొన్నది. ఆగస్టు 12న తెగిపోయింది. 524 మందిలో 520 మంది మరణించారు.

సరిగా పది దినాలకు, 22వ తేదీన, ఇంగ్లండులోని మాంచెస్టరులో మరొక విమానం నేల విడువకముందే దాని ఇంజనులోని దహనపాత్ర పగిలింది. అదీ అదివరకు మరమ్మతు పొందినదే. దాని ముక్క ఒకటి ఎగిరి రెక్క అడుగున ఉన్న మూతను కొట్టింది. తాకిడిని ఓర్చుకొనే శక్తి ఆ మూతకు చుట్టూ ఉన్న రేకులో సుమారు నాలుగవ వంతే ఉన్నది. ఇంధనం కారి నిప్పంటుకొన్నది. 55 మంది మరణించారు. టైరు ముక్కల, ఇంజను ముక్కల తాకిడికి ఈ మూతలు ఓర్చుకోవలెనని 1989లో అమెరికాలో నియమం వచ్చింది.

విమానం నేలపై నిలిచిన కొద్దిసేపటిలో ఒకరు దానిచుట్టూ నడిచి రెక్కల అడుగును పరికిస్తారు. పగుళ్లు, వదులైన రివెట్లు, కారిన ఇంధనపు చారలు వారు వెతికేవి. చేసిన పనిని మరొకరు సరిచూడడం, చూచినదానిని పుస్తకంలో వ్రాసిపెట్టడం అక్కడి ధర్మం. బడిలో లెక్క చేసి, మళ్లీ ఒకసారి సరిచూచుకొనే పిల్లవానికి ఆ ధర్మం అప్పుడే సగం అబ్బినట్లు. చుట్టూ ఉన్న రేకు ఎంత గట్టిదో మాటూ అంత గట్టిదైతే, దానిని చూచి ఎవరూ జంకనక్కరలేదు.