ఇంట్లో మొక్కలకు ఎల్.ఇ.డి. దీపం: తయారీ, జాగ్రత్తలు

పట్టణాల్లో చాలామందికి ఇల్లు ఉంటుంది గాని పెరడు ఉండదు. బాల్కనీ ఉన్నా ఎదుటి భవనం నీడ పడుతుంది. అలాంటి ఇంట్లో ట్రేలో మెంతులు చల్లితే మొలకలు వస్తాయి గాని, కొద్ది రోజులకే సన్నగా పొడుగ్గా సాగి, పాలిపోయి, వాలిపోతాయి. ఎరువు వేసినా, నీళ్లు పోసినా లాభం ఉండదు. వాటికి తక్కువైంది వెలుతురు.

ఈ లోటును ఇంట్లోనే తయారు చేసుకునే ఎల్.ఇ.డి. దీపంతో తీర్చవచ్చు. పని కష్టమైనది కాదు. అయితే ఇక్కడ నీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి దీపం ఎలా చేయాలో తెలుసుకోవడంతోపాటు ఎలా చేయకూడదో కూడా తప్పక తెలుసుకోవాలి.

మొక్కకు ఎంత వెలుతురు కావాలి?

వెలుతురును లక్సులలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో సుమారు 1,00,000 లక్సులు ఉంటాయి. ట్యూబులైటు వెలిగే గదిలో ఉండేది కొన్ని వందల లక్సులే. మన కన్ను త్వరగా సర్దుకుంటుంది గనుక ఆ తేడా మనకు తెలియదు, మొక్కకు తెలుస్తుంది. ఆకుకూరలకు 10,000 లక్సులకు తగ్గకుండా రోజుకు 14 గంటలు అందితే బాగా పెరుగుతాయి.

ఆకులోని పత్రహరితం నీలం, ఎరుపు కాంతులను ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే బజారులో ఊదారంగు దీపాలు అమ్ముతారు. అవే కొనవలసిన అవసరం లేదు. తెల్ల ఎల్.ఇ.డి. లోపల ఉండేది నీలం ఎల్.ఇ.డి.యే. దానిపై పూసిన పసుపు పదార్థం ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపు, ఎరుపు కాంతులుగా మారుస్తుంది. కాబట్టి తెల్ల దీపమే మొక్కకు సరిపోతుంది. పైగా ఊదారంగు వెలుగులో ఆకులు నల్లగా కనిపించి, తెగులు వచ్చినా మనం గుర్తించలేము.

ఇది వట్టి ఊహ కాదు. 2015 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు ఎల్.ఇ.డి. వెలుతురులో పెంచిన ఆకుకూరను తిన్నారు.

కావలసిన వస్తువులు (2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు ట్రేకు)

* 12 వోల్టుల తెల్ల ఎల్.ఇ.డి. స్ట్రిప్, 5 మీటర్ల చుట్ట, మొత్తం 40 వాట్లు
* 12 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టరు (బి.ఐ.ఎస్. గుర్తు ఉన్నది)
* ట్రే అంత అల్యూమినియం రేకు
* ఎరుపు, నలుపు వైర్లు, టంకం, వైరు తొడుగులు
* వేలాడదీయడానికి గొలుసు, టైమరు

అడాప్టరు లెక్క ఇది: 40 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే సుమారు 3.3 ఆంపియర్లు వస్తుంది. అడాప్టరు ఎప్పుడూ పూర్తి భారంతో పనిచేస్తే వేడెక్కుతుంది. అందుకని 5 ఆంపియర్లది తీసుకోవాలి.

తయారు చేసే విధానం

1. స్ట్రిప్‌ను కత్తిరించే గుర్తుల దగ్గర మాత్రమే కత్తిరించి, సుమారు 2 అడుగుల ముక్కలు 8 చేయండి.

2. రేకును శుభ్రంగా తుడిచి, ముక్కలను సమాన దూరంలో అంటించండి. ఎల్.ఇ.డి.ల వేడిని రేకు లాగేస్తుంది. అట్టకు, చెక్కకు అంటిస్తే అవి త్వరగా పాడవుతాయి.

3. అన్ని ముక్కల ప్లస్ గుర్తులను ఎరుపు వైరుతోను, మైనస్ గుర్తులను నలుపు వైరుతోను కలపండి. ముక్కల చివరలు రేకుకు తగలకుండా తొడుగు వేయండి.

4. అడాప్టరుకు కలిపి ఒక గంట వెలిగించండి. తర్వాత స్విచ్ ఆపి రేకును తాకి చూడండి. చేయి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే వాడకండి.

5. మొక్కల కొనలకు 6 నుంచి 8 అంగుళాల ఎత్తులో వేలాడదీయండి. కాడలు సాగితే దీపాన్ని కిందికి దించండి. ఆకులు పాలిపోయి ముడుచుకుంటే పైకి జరపండి.

రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు సుమారు 17 యూనిట్లు ఖర్చవుతాయి.

ఎలా చేయకూడదు?

ఈ వ్యాసం రాస్తున్న నేను మొదట చేసిన తప్పు చెబుతాను. పాడైన 9 వాట్ల బల్బు విప్పి, అందులో ఇంకా వెలుగుతున్న ఎల్.ఇ.డి. పలకను ట్రేపైన వేలాడదీశాను. ఎల్.ఇ.డి. అంటే తక్కువ వోల్టేజి కదా అనుకున్నాను. నీళ్లు చిలకరిస్తుండగా తడి చేయి తగిలింది. చేయి విదిలించుకుని వెనక్కు పడ్డాను. రబ్బరు చెప్పులు ఉన్నాయి గనుక బతికిపోయాను.

చాలా బల్బుల్లో ఆ పలకకు 230 వోల్టుల లైనుతో నేరుగా సంబంధం ఉంటుంది. మూత తీస్తే రక్షణ పోయినట్టే. కాబట్టి బల్బులు విప్పి వాడవద్దు. మంచి అడాప్టరు ఇచ్చే 12 వోల్టులకు ఆ భయం లేదు. అయినా అడాప్టరు లోపలికి వెళ్లేది 230 వోల్టులే. దాన్ని ట్రే కంటే ఎత్తులో, నీటి చుక్క పడని చోట, పిల్లలకు అందకుండా బిగించండి. నీళ్లు పోసేముందు స్విచ్ ఆపండి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకోవడం మంచిది.

ఎవరికైనా షాకు తగిలితే ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే పొడి కర్రతో వైరును తప్పించండి. 108కి ఫోను చేయండి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ నొక్కడం ప్రారంభించండి.

ఆరోగ్యం విషయంలో గుర్తుంచుకోండి

* వెలిగే దీపంలోకి సూటిగా చూడవద్దు. పిల్లలను చూడనివ్వవద్దు.
* క్రిములను చంపే అతినీలలోహిత దీపాలను మొక్కలకు వాడకండి. అవి కళ్లను, చర్మాన్ని కాలుస్తాయి.
* రాత్రివేళ ప్రకాశవంతమైన వెలుగు నిద్రను చెడగొడుతుంది. పడకగదిలో పెట్టకండి. టైమరును ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు పెట్టండి.
* ఈ వెలుగులో కూర్చుంటే విటమిన్ డి రాదు. దానికి ఎండ కావాలి.
* ట్రే కింద నిలిచిన నీటిలో డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. వారానికి ఒకసారైనా నీళ్లు పారబోసి, పళ్లెం రుద్ది కడగండి.

ఏమి పెంచవచ్చు?

మెంతికూరతో మొదలుపెట్టండి. మూడు నాలుగు రోజుల్లో మొలిచి, సుమారు 25 రోజుల్లో కోతకు వస్తుంది. తర్వాత కొత్తిమీర వేయవచ్చు. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లితే బాగా మొలుస్తాయి. టమాటా, మిరప కాయాలంటే ఈ వెలుతురు చాలదు.

ఒక చిన్న ట్రేతో ఇంటిల్లిపాదికీ కూర సరిపోదు, రక్తహీనత నయం కాదు. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానకండి. కాని పప్పులో వేసుకోవడానికి తాజాగా కోసిన గుప్పెడు ఆకు దొరుకుతుంది. కడిగి వండుకుని, కాస్త నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మంచం దిగలేని పెద్దవారికి కూడా రోజూ చూసుకోవడానికి ఇంట్లో పచ్చదనం ఉంటుంది.