పాత సిస్టమ్‌కు కొత్త విండోస్.. తెలుగు ఫైళ్లు పదిలం!

ఏలూరు: పెళ్లి పత్రిక, చేపల చెరువు లీజు ఒప్పందం, జాతర కరపత్రం, బడి ప్రశ్నపత్రం.. ఏలూరు, తాడేపల్లిగూడెం మొదలు కొల్లేటి తీరంలోని కైకలూరు, ఆకివీడు వరకు డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి తయారైన ఇలాంటి తెలుగు కాగితాల్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి ఎన్నో. అవన్నీ దాగిన పాత కంప్యూటర్లకు ఇప్పుడు గండం వచ్చిపడింది. విండోస్ 10కు సాధారణ భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విండోస్ 7కు 2020 జనవరిలో, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే ఆ సేవలు ముగిశాయి. సరే, విండోస్ 11 ఎక్కించుకుందామని కూర్చుంటే పని సగంలో ఆగిపోయి తెరపై ఏవో అంకెలు కనిపిస్తాయి. మెకానిక్‌ను పిలిస్తే తరచూ వినిపించే మాట ఒకటే: ‘ఫార్మాట్ కొడితే సరి’. అసలు నష్టం మొదలయ్యేది అక్కడే.

అంకెలకూ అర్థం ఉంది

తెరపై కనిపించే సంఖ్య చివరి అంకెలను కాగితంపై రాసుకుంటే సగం పని అయినట్టే. 80070070 అని ఉంటే సీ డ్రైవ్‌లో చోటు చాలలేదని అర్థం. డీ డ్రైవ్ ఎంత ఖాళీగా ఉన్నా ప్రయోజనం లేదు. డౌన్‌లోడ్స్, వీడియోలు అటు మార్చి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి మళ్లీ ప్రయత్నించాలి. 1900101 వస్తే తప్పు సాధారణంగా డ్రైవర్లది. ప్రింటరు, స్కానరు, వేలిముద్రల యంత్రం, అదనపు హార్డ్‌డిస్క్ అన్నీ పీకేసి, మౌసు, కీబోర్డు మాత్రమే ఉంచాలి. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే తాత్కాలికంగా తొలగించాలి. 1900208 అయితే ఏదో పాత ప్రోగ్రాం అడ్డుపడుతోందన్నమాట.

1900200 కనిపిస్తే, యంత్రానికి అర్హత లేదని విండోస్ తేల్చినట్టు. అంతమాత్రాన వెంటనే కొత్తది కొనాల్సిన పనిలేదు. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, సెక్యూర్ బూట్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. చాలా మదర్‌బోర్డుల్లో ఇది ఉండి కూడా బయాస్‌లో ఆపివేసి ఉంటుంది. ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో వెతికి ఆన్ చేయాలి. బిట్‌లాకర్ పెట్టుకున్న వారు దాని రికవరీ కీ రాసుకోకుండా బయాస్ జోలికి వెళ్లరాదు. కీ లేకుంటే డిస్క్ తెరుచుకోదు.

ప్రాసెసర్ పాతదైతే మాత్రం చేయగలిగింది లేదు. ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు పోను ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచే అనుమతి ఉంది. అడ్డదారిలో ఎక్కిస్తామనే వారు దొరుకుతారు. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. కోర్ 2 డ్యుయో కాలం నాటివైతే 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌తో అసలు బూటే కావు.

కరెంటు సంగతీ చూసుకోవాలి. ఒక్కోసారి గంటల తరబడి సాగే ఈ పనిని పది నిమిషాలు నిలిచే యూపీఎస్‌ను నమ్మి మొదలుపెట్టడం సాహసమే. చెరువులో ఏరియేటర్లు ఆగకుండా జనరేటరు పెట్టుకునే ఊళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

అక్షరాలు ఎందుకు మారతాయి?

విండోస్ సజావుగా ఎక్కినా తెలుగు కనిపించక గుండె ఆగినంత పనవుతుంది. అను వంటి పాత ఫాంట్లలో ఆంగ్ల అక్షరాల సంకేతాలకే తెలుగు రూపాలను తొడిగారు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తొడుగు ఊడిపోయి, కింది ఆంగ్ల గుర్తులు బయటపడతాయి. విషయం ఎక్కడికీ పోలేదు. పాడైందనుకుని ఫైలును చెరిపేయడం, మరో ఫాంటుతో సేవ్ చేయడం తగదు. అదే ఫాంటు, అదే వెర్షన్ మళ్లీ వేస్తే తెలుగు తిరిగి వస్తుంది.

చిక్కేమిటంటే, ఆ ఫాంట్లు ఉండేది సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డరులోనే. ఫార్మాట్ కొడితే డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్‌తో పాటు అవీ పోతాయి. డీ డ్రైవ్‌లో ఫైళ్లు భద్రంగా ఉన్నా చదివే దారి ఉండదు. అందుకే పని మొదలుపెట్టక ముందే ఫాంట్ల ఫోల్డరును, సెటప్ సీడీలను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. ముఖ్యమైన ఒప్పందాలు, పుస్తకాలను ఫాంట్లు అందులోనే ఇమిడి ఉండేలా పీడీఎఫ్‌గా మార్చుకుంటే మరీ మేలు.

యూనికోడ్ తెలుగు వాడేవారికి ఈ బెడద తక్కువ. అయితే ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, తర్వాత వచ్చిన వాణి ఫాంట్లను విండోస్ 10 నుంచి ఐచ్ఛికాల్లోకి మార్చారు. అవి లేకుంటే పేజీల అమరిక చెదురుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చుకుంటే సరిపోతుంది.

విండోస్ 11లో 32 బిట్ రకం లేదు. 16 బిట్ ప్రోగ్రాములు అందులో నడవవు. డాస్ ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న మిల్లుల, కమీషన్ దుకాణాల లెక్కలు ఈ కోవలోనివే. డాస్‌బాక్స్ వంటి వాటిలో కొన్ని నడుస్తాయి గానీ, ప్రింటరు దగ్గర ఇబ్బంది తప్పకపోవచ్చు. ఇలాంటి చోట పాత యంత్రానికి ఇంటర్నెట్ తీసేసి, ఆ ఒక్క పనికే ఉంచుకోవడం తెలివైన పని. బయటి పెన్‌డ్రైవ్‌లు అందులో పెట్టనివ్వకూడదు.

విండోస్ 10లోనే ఉండదలచిన గృహ వినియోగదారులకు, మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదైతే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు చేశారు. 22హెచ్2 వెర్షన్ ఉన్నవారికే ఇది వర్తిస్తుంది.

ఫార్మాట్ చేయకుండా అప్‌గ్రేడ్ చేసుకున్నవారు నచ్చకపోతే పది రోజుల్లోపు ‘గో బ్యాక్’ నొక్కి పాత విండోస్‌కు మళ్లవచ్చు. ఆ పది రోజుల్లోనే పాత ఫైళ్లను తెరిచి, ఒక్కో పేజీ ప్రింటు తీసి సరిచూసుకోవాలి. అప్పటిదాకా ‘విండోస్ డాట్ ఓల్డ్’ ఫోల్డరును చోటు కోసం చెరిపేయరాదు.