పేరులోనే గ్యాంగ్రీన్

నేను ఢిల్లీకి ట్రాన్స్‌ఫరై నోయిడాలో కాపురం పెట్టిన ఏడాది, మా ఆవిడ కాలి మీద చిన్న పొక్కు లేచింది. దోమ కాటనుకున్నాం. నాలుగో రోజుకి అది చితికి పుండయింది. వారం తిరిగేసరికి అరచేతి వెడల్పు. అంచు ఊదారంగులో, కిందనుంచి తొలిచినట్టు ఉండేది. దుప్పటి తగిలినా ఏడ్చేది.

దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఇన్‌ఫెక్షన్ అన్నారు. యాంటీబయాటిక్స్ ఇచ్చి, చచ్చిన కండ కోసి శుభ్రం చేశారు. నాలుగు రోజుల్లో గాయం రెట్టింపయింది. మళ్లీ కోయాలని కాగితం ముందు పెట్టారు. సంతకానికి చెయ్యి ఆడలేదు. క్యాష్ తేడా వస్తే ఇంకో ఎంట్రీ వేయకుండా ముందు ఆగి వెతకడం మనకి బ్యాంకు నేర్పిందే కదా!

ఎయిమ్స్ చర్మవ్యాధుల విభాగానికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు గారు పుండు చూసి, "విరేచనంలో రక్తం పడుతోందా అమ్మా?" అని అడిగారు. పడుతోందట. మొలలనుకుని నాకూ చెప్పలేదు.

జబ్బు పేరు పయోడెర్మా గ్యాంగ్రినోసమ్. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు సూక్ష్మజీవుల పనేనని భావించి పెట్టిన పేరిది. నిజానికి ఇది ఇన్‌ఫెక్షనూ కాదు, గ్యాంగ్రీనూ కాదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అదుపు తప్పి సొంత చర్మం మీదే పడతాయి. కొందరిలో కోత పడినా, సూది గుచ్చినా పుండు పెరుగుతుంది, లేదా కొత్తది లేస్తుంది. దాన్ని పాథర్జీ అంటారు. మాకు జరిగింది అదే.

దీన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. అంచు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి, కల్చర్‌కి పంపారు. అదీ కోతే కదా అని భయపడ్డాను. మందు స్టెరాయిడ్ కాబట్టి, లోపల క్షయో ఫంగసో ఉంటే మందు వల్లే అది ముదురుతుందని, అందుకే ముందు చూడక తప్పదని చెప్పారు. క్షయ, ఫంగస్, క్యాన్సర్, రక్తనాళాల జబ్బులు ఒక్కొక్కటే కొట్టేశారు. కొలనోస్కోపీలో పేగు పూత, అంటే అల్సరేటివ్ కొలైటిస్, బయటపడింది. ఈ రెండూ జంటగా రావడం వైద్యులకు తెలిసిన సంగతే. అందుకే ఆ మొదటి ప్రశ్న!

ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టాక మూడో రోజు రాత్రి తను నిద్రపోయింది. పుండు మానడానికి అయిదు నెలలు పట్టింది. జల్లెడలా గుంటలు పడిన మచ్చ మిగిలింది. ఇప్పుడు పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, జబ్బు పేరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ముందు డాక్టరు గారి చేతిలో పెట్టాకే కుర్చీలో కూర్చుంటుంది.